ఎండిన సరస్సులో దొరికే ఉల్క బస్తర్ అడవిలో ఎందుకు దొరకదు?

భూమి మీద ఏటా పడే ఉల్కాశిలల్లో యాభై గ్రాములు దాటినవి సుమారు 17,000 ఉంటాయని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటార్కిటికా మంచు మీద దొరికిన రాళ్ల లెక్క నుంచి కట్టిన అంచనా అది. వీటిలో ఎక్కువ భాగం సముద్రంలో మునిగిపోతాయి. మిగిలినవి నేల మీద ఎక్కడ పడితే అక్కడ పడతాయి. ఎడారి అనీ అడవి అనీ ఆకాశానికి తేడా లేదు. భూమధ్యరేఖ వైపు కాస్త ఎక్కువ, ధ్రువాల వైపు కాస్త తక్కువ, అంతే.

ఈ లెక్కను బస్తర్‌కు అన్వయించి చూద్దాం. ఇప్పుడు ఏడు జిల్లాలుగా ఉన్న పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం 39,114 చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కంటే పెద్దది. భూగోళం మొత్తం విస్తీర్ణంలో దాని వాటా తీసి గుణిస్తే ఏడాదికి ఒకటికి కాస్త ఎక్కువే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కలిపి అదే లెక్క వేస్తే ఏటా తొమ్మిది. అంటే గత యాభై ఏళ్లలో బస్తర్ అడవుల్లో, పొలాల్లో అరవైకి పైగా, మన రెండు రాష్ట్రాల్లో నాలుగు వందలకు పైగా ఉల్కాశిలలు పడి ఉండాలి. ఇవి పిడికిట్లో పట్టే రాళ్లే అయినా కంటికి ఆనని ధూళి మాత్రం కాదు.

మరి అవన్నీ ఏమయ్యాయి? అమెరికాలో, ఒమన్‌లో, ఆస్ట్రేలియాలో జనం నడుచుకుంటూ వెళ్లి ఏరుకొస్తున్న రాళ్లు మనకెందుకు దొరకవు? సమాధానం ఆకాశంలో లేదు, నేలలో ఉంది.

ముందు మాటల సంగతి. ఆకాశంలో మండుతూ కనబడే వెలుగునూ, నేల మీద పడిన రాయినీ రెండింటినీ తెలుగులో ఉల్క అనే అంటాం. ఈ వ్యాసంలో వెలుగును ఉల్క అని, పడిన రాయిని ఉల్కాశిల అని అందాం. 'పిడుగురాయి' అనే మాట కూడా ఉంది కానీ దానితో చిక్కు. ఊళ్లలో పిడుగురాళ్లని దాచుకున్నవి చాలాచోట్ల కొత్త రాతియుగపు మనుషులు నునుపుగా అరగదీసిన గొడ్డళ్లని తేలింది. వాటి విలువ వాటికుంది, అయితే అది పురావస్తు శాఖ చూసుకోవలసిన విలువ.

ప్లాయా అంటే ఏమిటి, వేట ఎలా సాగుతుంది

ఎడారుల్లో నీరు బయటికి పోయే దారి లేని పల్లాలుంటాయి. ఎప్పుడో వాన కురిస్తే నీళ్లు అక్కడ నిలిచి, సన్నటి బంకమట్టినీ ఉప్పునూ పరిచి, ఆవిరైపోతాయి. మిగిలే చదునైన, లేతరంగు నేలను ప్లాయా అంటారు. మన కోస్తాలో చవిటిపర్ర అనేదాన్ని మైళ్ల కొద్దీ పొడిగించి, పూర్తిగా ఎండబెట్టినట్టు ఊహించుకోవచ్చు. అమెరికా మొహావీ ఎడారిలో ఇలాంటివి అనేకం. 1981లో మొదటి స్పేస్ షటిల్ దిగింది ఇలాంటి ఎండిన సరస్సు మీదనే. దాని పాత పేరు మురాక్. మురాక్, లూసర్న్, నెవాడాలోని రోచ్ అనే ఎండిన సరస్సుల పేర్లు ఉల్కాశిలల అంతర్జాతీయ జాబితాలోనూ ఉన్నాయి. ఏ రాయికైనా దొరికిన చోటి పేరే పెట్టడం అక్కడి పద్ధతి.

ప్లాయా ఎందుకు మంచి చోటు? అక్కడ సొంత రాళ్లుండవు. మధ్యలోకి వెళ్లేకొద్దీ అంతా బంకమట్టే. అలాంటి చోట నల్లరాయి కనబడితే ముందుగా అడగవలసిన ప్రశ్న 'ఇది ఇక్కడికి ఎలా వచ్చింది' అన్నదే. వరద ఈడ్చుకొచ్చి ఉండొచ్చు, మనుషులు పడేసి ఉండొచ్చు. ఆ రెండూ కాకపోతే పైనుంచి రావాలి. రెండో కారణం పొడితనం. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట రాయిలోని ఇనుము తుప్పు పట్టడానికి చాలాకాలం పడుతుంది. మూడోది గాలి. అది సన్నమట్టిని ఎగరగొట్టుకుపోతూ బరువైన రాయిని పైనే వదిలేస్తుంది. వందల వేల ఏళ్లలో పడిన రాళ్లు ఒకే ఉపరితలం మీద పోగవుతాయి.

వేట చూడటానికి పెద్ద సాహసంలా ఉండదు. నేలను పట్టీలుగా విభజించుకుని, కళ్లు కిందికి పెట్టి, గంటల తరబడి నడవడమే. చాలామంది కర్ర చివర అయస్కాంతం కట్టుకుని, వంగకుండానే రాయిని తాకి చూస్తారు. ఈ అలవాటు మంచిది కాదని 2023లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు చూపించారు. బలమైన అయస్కాంతం ఒక్కసారి తగిలితే చాలు, రాయి కోట్ల ఏళ్లుగా దాచుకున్న సహజ అయస్కాంత ముద్ర చెరిగిపోతుంది. అంగారకుడి నుంచి వచ్చిన ఒక ప్రసిద్ధ రాయి విషయంలో అలాగే జరిగింది. అందుకే తెలిసినవాళ్లు అయస్కాంతం బదులు దిక్సూచిని రాయి దగ్గరకు తెచ్చి ముల్లు కదులుతుందేమో చూస్తారు. దొరికిన రాయిని ముట్టుకోకముందే ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటారు. ప్లాయాల మీద దొరికేవి ఎక్కువగా చిన్న రాళ్లే.

అమెరికాలో ప్రభుత్వ భూముల మీద వ్యక్తిగత అవసరానికి ఏడాదికి పది పౌండ్ల వరకు ఏరుకోవచ్చని అక్కడి భూ నిర్వహణ సంస్థ 2012లో విధివిధానాలు పెట్టింది. మన దగ్గర పరిస్థితి వేరు. దేశంలో పడిన ఉల్కాశిలలకు కాపుదారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ. వాటి ప్రధాన నిల్వ కోల్‌కతాలో ఉంది.

ఇదే సూత్రం మిగతా చోట్లా పనిచేస్తుంది. 1969లో జపాన్ బృందం అంటార్కిటికాలో ఒకేచోట తొమ్మిది ఉల్కాశిలలను చూశాక, మంచు ప్రవాహాలు వాటిని కొన్నిచోట్లకు తెచ్చి పోగేస్తాయని అర్థమైంది. ఆస్ట్రేలియాలోని నల్లార్‌బోర్ సున్నపురాతి మైదానం, ఒమన్ రాతి ఎడారి, చిలీలోని అటకామా కూడా ఇలాంటి చోట్లే. నేల లేతరంగులో ఉండాలి, పొడిగా ఉండాలి, పాతదై ఉండాలి. మూడింటిలో ఏది లోపించినా వేట కష్టమే.

ఎండిన సరస్సు కూడా ఎంతసేపు ఆగుతుంది?

2015 నవంబర్ 27న దక్షిణ ఆస్ట్రేలియా మీదుగా ఒక ఉల్క వెలిగింది. ఎడారిలో కర్టిన్ విశ్వవిద్యాలయం వారు అమర్చిన కెమెరాలు వేర్వేరు దిక్కుల నుంచి దాన్ని చిత్రీకరించాయి. కోణాలు కలిపి లెక్కేస్తే రాయి కాటి తండా, అంటే ఐర్ సరస్సు దక్షిణ భాగంలో పడి ఉండాలని తేలింది. చిన్న విమానంలో పైనుంచి చూస్తే ఉప్పుపొర మీద ఒక మచ్చ కనబడింది. ఆ ప్రాంతపు మూలవాసులైన అరబానా ప్రజల్లోని దారి తెలిసినవారి సాయంతో బృందం సరస్సులోకి వెళ్లింది. పైన పొర పొడిగా ఉన్నా కింద అంతా బురదే. డిసెంబర్ 31న, 42 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, దాదాపు 1.7 కిలోల రాయిని చేతులతో బయటికి తీశారు. దాని పేరు ముర్రిలి. అప్పటికే ఆ ప్రాంతంలో వానలు మొదలయ్యాయి. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే భారీ వానకు ఆ మచ్చ కూడా చెరిగిపోయేది.

ఈ కథలో కెమెరాల గొప్పతనం కంటే నెల రోజుల గడువే నాకు ముఖ్యంగా తోస్తుంది. చాలా పొడి ప్రదేశం, చెట్టుచేమ లేని చదును నేల, పడిన చోటు లెక్కగట్టి చెప్పిన గణితం, ఇన్ని ఉన్నా రాయి చేజారబోయింది. దీన్ని గుర్తుపెట్టుకుని బస్తర్‌కు వద్దాం.

బస్తర్ నేల

బస్తర్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 1,400 నుంచి 1,500 మిల్లీమీటర్లు. అందులో అత్యధికం జూన్–సెప్టెంబర్ మధ్యనే. పడుతుండగా చూసి ఏరిన ఉల్కాశిలల్లో వందకు ఎనభైకి పైగా సాధారణ కాండ్రైట్లు అనే రకానివి. వాటి రాతి గుజ్జులో నికెల్ కలిసిన ఇనుప రేణువులుంటాయి. నీరు తగలగానే ఆ రేణువులు తుప్పు పట్టి ఉబ్బుతాయి. ఉబ్బితే రాయి పగుళ్లిస్తుంది. పగుళ్లలోకి మళ్లీ నీళ్లు దిగుతాయి. వేడి, తేమ, ఆకులు కుళ్లగా పుట్టే ఆమ్లం కలిసిన ఎర్రనేలలో ఈ పని త్వరగా సాగుతుంది. ఎడారిలో వేల ఏళ్లు, కొన్నిచోట్ల లక్షల ఏళ్లు నిలిచే రాయి ఇక్కడ కొద్ది తరాల్లోనే చుట్టూ ఉన్న లాటరైట్ ముద్దల్లో ఒకటైపోతుంది. అసలు లాటరైటే తుప్పు పట్టిన నేల. అందులో తుప్పు పట్టిన రాయిని వెతకడం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ పాఠకుడికి ఒక అనుమానం రావచ్చు. బస్తర్‌లోనూ తెలంగాణలోనూ చెరువులు మే నెలకల్లా ఎండి పగుళ్లిస్తాయి కదా, వాటిలో వెతకొచ్చు కదా అని. చూపుకు అవి ప్లాయాలకు అక్కచెల్లెళ్లే. కానీ ఎండిన చెరువులో కనబడే నేల పాతది కాదు, నిరుటిది. ప్రతి వానాకాలం కొత్త ఒండ్రు వచ్చి పాతదాన్ని కప్పేస్తుంది. గాలి పైమట్టిని లేపుకుపోయి రాళ్లను బయటపెట్టే ప్లాయాకు ఇది సరిగ్గా తలకిందులు. పూడిక కింద పడి ఉన్న రాయి ఏడాదిలో సగం నీళ్లలో నానుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో తెలంగాణ చెరువుల నుంచి తీసిన పూడికమట్టి లారీల కొద్దీ పొలాలకు చేరింది. అందులో ఒకటో రెండో ఉల్కాశిలల అవశేషాలు ఉండకపోవు. వాటిని గుర్తుపట్టే దారి మాత్రం లేదు.

దేశంలో నిజమైన ఉప్పు సరస్సులు లేకపోలేదు. రాజస్థాన్‌లో సాంభర్, దీద్వానా ఉన్నాయి. గుజరాత్‌లో కచ్ రణ్ ఉంది. రణ్ ఏటా వానాకాలంలో నీట మునుగుతుంది. దీద్వానా పేరు ఉల్కాశిలల జాబితాలో ఉంది కానీ అది సరస్సులో వెతికి పట్టింది కాదు, 1991లో పడుతుండగా చూసి తెచ్చింది. 

సొంత నల్లరాళ్ల దేశం

ప్లాయాలో సొంత రాళ్లు ఉండవన్నాం. బస్తర్‌లో ఉల్కాశిలలా కనబడే రాళ్లకు కొదవే లేదు. ఇక్కడ వెతకబోయేవారిని వాన కంటే ఎక్కువగా తికమక పెట్టేది ఇదే.

మొదటిది బైలడీలా. కిరందూల్, బచేలీ గనుల నుంచి కొత్తవలస లైను మీదుగా దశాబ్దాలుగా విశాఖకు వస్తున్న ఖనిజం హెమటైట్. నల్లగా, ఉక్కురంగులో మెరుస్తూ, చేతికి తీసుకుంటే ఆశ్చర్యపోయేంత బరువుంటుంది. నీటితో పోలిస్తే ఐదు రెట్లు. మామూలు గ్రానైట్ 2.7 రెట్లు, సాధారణ కాండ్రైట్ దాదాపు మూడున్నర. బరువుగా ఉంది కాబట్టి ఉల్క అనుకునేవారు గమనించాలి. హెమటైట్ ఎక్కువ ఉల్కాశిలల కంటే బరువైనది.

రెండోది తగరపు ఖనిజం, కాసిటరైట్. దేశంలో తగరం ఖనిజం తవ్వేది దక్షిణ బస్తర్‌లోనే. దంతేవాడ, సుక్మా జిల్లాల్లో ఆదివాసులు వాగుల ఇసుకను కడిగి నల్లటి గింజలుగా దీన్ని పోగుచేసి అమ్ముకుంటారు. ఇది నీటికంటే ఏడు రెట్లు బరువు, దాదాపు ఇనుముతో సమానం. అయితే అయస్కాంతానికి అంటుకోదు. రాళ్లను చేతి బరువుతో వేరుచేయడం ఇక్కడి ఆడవాళ్లకు రోజువారీ పని. ఉల్కాశిలలు వెతకడానికి ఎవరికైనా శిక్షణ ఇవ్వాలనుకుంటే మొదట పిలవవలసింది వీళ్లనే.

మూడోది ఇనుపచిట్టెం. బస్తర్‌లో ఆదివాసీ కొలుములు, తెలంగాణలో కోనసముద్రం లాంటి ఉక్కు ఊళ్లు శతాబ్దాల పాటు ఖనిజాన్ని మట్టి కొలుముల్లో కరిగించాయి. కరగగా మిగిలిన చిట్టెం దిబ్బలు అడవుల్లో, చేను గట్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. నల్లగా, కరిగి గడ్డకట్టినట్టు, కొన్నిసార్లు అయస్కాంతానికి అంటుకునేట్టు ఉంటుంది. 'ఉల్క దొరికింది' అంటూ ప్రపంచమంతటా ప్రయోగశాలలకు వచ్చే రాళ్లలో చిట్టెం తరచూ కనబడేదే. గుర్తు తేలిక. చిట్టెంలో బుడగల చిల్లులుంటాయి. ఉల్కాశిలలో దాదాపుగా ఉండవు.

ఇంట్లో చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. గచ్చుపలక వెనకవైపు, మెరుగు లేని చోట రాయిని గట్టిగా గీయాలి. ఎర్రటి గీత పడితే హెమటైట్, నల్లటి గీత పడితే మాగ్నటైట్. తాజా ఉల్కాశిల చాలావరకు గీత వదలదు. పైపొర చూడాలి. గాలిలో మండిన రాయికి గోరుమందం కూడా లేని నల్లటి పెంకు ఉంటుంది, విరిగిన చోట లోపల బూడిదరంగు కనబడుతుంది. బొగ్గులా లోపలంతా నల్లగా ఉన్నది అరుదు. కొన్నిటి మీద తడిపిన పిండి మీద బొటనవేలు నొక్కినట్టు గుంటలుంటాయి. ఒక మూల అరగదీస్తే లోపల మెరిసే లోహపు చుక్కలు కనబడాలి. తెల్లటి స్ఫటికపు ముక్కలు, పొరలు, చిల్లులు ఉంటే ఆశ వదులుకోవచ్చు. వీటన్నిటిలో నెగ్గిన రాయినైనా తేల్చవలసింది ప్రయోగశాలే.

ఈ గందరగోళం మీద బతికే మోసాలు వేరే ఉన్నాయి. పిడుగు పడిన రాగిచెంబు బియ్యపు గింజలను లాగుతుందంటూ 'రైస్ పుల్లర్' పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కేసులు నమోదయ్యాయో పత్రికలు చదివేవారికి తెలుసు. ఉల్క అమ్మకాలదీ అదే బాట. 'గ్రాము లక్షలు' అనే మాట చంద్రుడి నుంచో అంగారకుడి నుంచో వచ్చిన, ప్రయోగశాల ధ్రువీకరించిన అరుదైన రాళ్లకు వర్తించే మాట. వాయవ్య ఆఫ్రికా నుంచి వచ్చే సాధారణ కాండ్రైట్లు విదేశీ సంతల్లో చవకగానే దొరుకుతాయి. పరీక్ష ఖర్చుకని ముందే డబ్బు అడిగేవాడు, రాత్రిపూట మాత్రమే రాయి చూపించేవాడు రాళ్ల వ్యాపారి కాడు.

మనకు దొరికినవి ఎలా దొరికాయి

అమెరికా జాబితాలో ఎక్కువ భాగం వెతికి పట్టినవి. భారత్ జాబితాలో అత్యధికం పడుతుండగా జనం చూసినవి. ఈ ఒక్క తేడాలో మన సంగతంతా ఉంది. ఇక్కడ ఉల్కాశిలను కాపాడింది నేల కాదు. ఆ క్షణాన పొలంలో ఉన్న మనిషి.

అలా కాపాడినవి చిల్లర రాళ్లు కావు. 1865 ఆగస్టులో బీహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర పడిన ఐదు కిలోల రాయి అంగారకుడి నుంచి వచ్చింది. ఆ తరగతి రాళ్లన్నిటినీ ప్రపంచమంతా ఇప్పటికీ ఆ ఊరిపేరుతో షెర్గొటైట్లనే పిలుస్తోంది. 1940 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని సెమర్కోనాలో పడిన రాయి మొత్తం ఏడు వందల గ్రాములకు కొంచెం తక్కువే. సౌరకుటుంబం పుట్టినప్పటి పదార్థం వేడికి మారకుండా దాదాపు యథాతథంగా మిగిలిన రాయిగా శాస్త్రవేత్తలు దాన్ని కొలబద్దగా వాడతారు. సెమర్కోనా వానలో ఒక్క ఏడాది ఉండిపోయి ఉంటే ఆ కొలబద్ద ఉండేది కాదు.

2017 జూన్ 6న జైపూర్ సమీపంలోని ముకుందపురా పొలంలో పడింది కర్బనం, నీటితో మారిన ఖనిజాలు ఉన్న మెత్తటి రాయి. రుతుపవనాలు వచ్చేలోగా చేతికందింది. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో పడిన రాయి ఆబ్రైట్ అనే అరుదైన రకం. 1852లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పడినదాని తర్వాత దేశంలో ఆ రకం ఇదే. ఆబ్రైట్లలో నీరు తగిలితే విచ్చిపోయే ఖనిజాలుంటాయి. నడి వానాకాలంలో పడినా ఊరివాళ్లు వెంటనే ముక్కలు ఏరి దాచడం వల్ల అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల దాన్ని పరిశీలించగలిగింది.

ఛత్తీస్‌గఢ్ పేర్లు జాబితాలో ఉన్నాయి. 1875 నాటి సీతాథలీ, 1899 నాటి డోంగా కోహ్రోద్, 1969 నాటి పటోరా. ఈ మూడూ బస్తర్‌కు ఉత్తరాన ఉన్న వరి మైదానంలోవి. ఆ మైదానం మీద ఆకాశం ప్రత్యేకంగా రాళ్లు రువ్వలేదు. అక్కడ పొలాలు తెరిపిగా ఉన్నాయి, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కబురు రాయపూర్ చేరే దారి ఉంది.

తెలుగు నేల మీద 1814 నాటి గుర్రంకొండ, నెల్లూరు ప్రాంతంలో 1852లో పడిన యాటూరు, 1934 నాటి తిరుపతి ఉన్నాయి. వీటికంటే విశేషమైనది 1870లో పాత విశాఖపట్నం జిల్లా మేరంగి ప్రాంతంలోని నెడగొల్లలో పడింది. బొబ్బిలి, పార్వతీపురం వైపు ఊరు అది. అక్కడి నుంచి కొరాపుట్ కొండలు దాటితే బస్తరే. పడుతుండగా చూసిన ఉల్కాశిలల్లో ఇనుపవి వందకు ఐదు మాత్రమే. నెడగొల్ల వాటిలో ఒకటి. పైగా ఇనుప ఉల్కల వర్గీకరణలో ఏ ప్రధాన వర్గంలోనూ ఒదగని రకం. ఉత్తరాంధ్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా దీనికి దక్కాలని నా అభిప్రాయం.

బస్తర్‌లో పడితే

ఉల్క వెలుగు చూసినవారందరూ 'ఆ చెట్ల వెనకే పడింది' అంటారు. నిజానికి రాయి సుమారు ఇరవై కిలోమీటర్ల ఎత్తులోనే వెలగడం ఆపేస్తుంది. ఆ తర్వాత గంటకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో, చీకట్లో, గాలివాటుకు కొట్టుకుపోతూ పడుతుంది. చెట్ల వెనక కనబడ్డ వెలుగు వంద కిలోమీటర్ల అవతలిది కావచ్చు. వెలుగుతో పాటు ఉరుములాంటి శబ్దం ఒకటి రెండు నిమిషాల తేడాతో వినబడితే, ఆ తర్వాత ఈల వేసినట్టు రివ్వుమనే చప్పుడు, దభీమని పడిన చప్పుడు వినబడితే మాత్రం దగ్గరే. పడిన రాయి కాలుతూ ఉండదు. చల్లగానో గోరువెచ్చగానో ఉంటుంది.

ఉరుములాంటి శబ్దం అన్నప్పుడు బస్తర్‌లో ఇంకో చిక్కు ఉంది. దశాబ్దాల ఘర్షణలో అక్కడి జనానికి పేలుడు అంటే మందుపాతరే. శబ్దం వచ్చిన వైపు వెళ్లరు. వెళ్లకపోవడం భయమని ఎవరైనా అంటే అది నగరంలో కూర్చుని అనే మాట. కాబట్టి అక్కడికి సరిపోయే సలహా దియోదర్‌కు సరిపోయే సలహా కాదు. పడుతుండగా కంటితో చూసిన రాయి, నేల మీద పైకి కనబడుతున్న రాయి అయితేనే దగ్గరికి వెళ్లాలి. నేలలో పాతినట్టున్నది, తీగలున్నది, డబ్బాలా పైపులా ఉన్నది ఏదైనా ముట్టుకోకూడదు. 2022 ఏప్రిల్ 2న బస్తర్‌కు పొరుగు దిక్కున ఉన్న చంద్రపూర్ జిల్లా సిందేవాహీలో ఆకాశం నుంచి పడింది ఉల్క కాదు, రాకెట్టు అవశేషమైన పెద్ద లోహపు వలయం. రాకెట్టు ముక్కలు నెమ్మదిగా, చాలాసేపు, గుంపుగా వెలుగుతూ పోతాయి. ఉల్క కొన్ని సెకన్లలో ముగుస్తుంది.

బస్తర్‌కు ఎండిన సరస్సు లేదు కానీ దానికి దగ్గరగా పనికొచ్చే నేల ఒకటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకులు ఊడ్చి, తగలబెట్టి, నేలను శుభ్రం చేస్తారు. తెల్లవారుజామునే కుటుంబమంతా ఆ నేల మీద వంగి పూలు ఏరుతారు. నిన్న లేని రాయి ఇవాళ ఉంటే ఎవరికైనా తెలిసిపోయే చోటు బస్తర్ అడవిలో ఇదొక్కటే. తర్వాత తునికాకు కోత. అప్పుడూ జనం అడవిలోనే ఉంటారు. పంట కోసిన తర్వాత డిసెంబర్ నుంచి బోసిగా ఉండే వరి మళ్లు ఇంకో చోటు. ఉల్కాశిల పడిన వార్త ఇక్కడ కెమెరాల ద్వారా కంటే వారపు సంతల ద్వారా త్వరగా తెలుస్తుంది. సంతకు వచ్చే బడి పంతులుకు ఏం అడగాలో తెలిసి ఉంటే సగం పని అయినట్టే.

దొరికిన రాయిని కడగకూడదు, పసుపు కుంకుమ పెట్టకూడదు, అయస్కాంతం తాకించకూడదు, పగలగొట్టి పంచుకోకూడదు. చివరిది చెప్పినంత తేలిక కాదు, ముకుందపురా లాంటి మెత్తటి రాళ్లు పడటంలోనే ముక్కలవుతాయి. ఎత్తకముందే పక్కన నాణెమో అగ్గిపెట్టో పెట్టి ఫొటో తీయాలి. శుభ్రమైన అల్యూమినియం రేకులో చుట్టి పొడిగా ఉంచాలి. వేళ, వెలుగు వచ్చిన దిక్కు, శబ్దానికీ వెలుగుకూ మధ్య పట్టిన సమయం కాగితం మీద రాయాలి. ఒక రాయి దొరికితే అదే వరసలో ఇంకా ఉండొచ్చు. ఉల్క వెళ్లిన దిక్కుగా ముందుకు పోయేకొద్దీ పెద్ద ముక్కలు, వెనక చిన్నవి పడి ఉంటాయి. పోలీసు స్టేషన్, తహసీల్దారు ద్వారా కబురు జీఎస్ఐకి చేరాలి. ఛత్తీస్‌గఢ్‌లో వారి కార్యాలయం రాయపూర్‌లో ఉంది. తెలుగువారికి దగ్గరిది హైదరాబాద్ బండ్లగూడలోని దక్షిణ ప్రాంత కార్యాలయం.

తొందర ఎందుకంటే రాయిలో గడియారాలుంటాయి. అంతరిక్షంలో విశ్వకిరణాలు తగిలి పుట్టిన సోడియం-24 అనే రేడియోధార్మిక పరమాణువులు పదిహేను గంటలకోసారి సగమవుతాయి. రాయి ఎంత పెద్ద శిల నుంచి విరిగిందో, గాలిలోకి రాకముందు ఎక్కడ తిరిగిందో అంచనా వేయడానికి ఇలాంటివి పనికొస్తాయి. పడిన మూడు రోజులకు సోడియం-24 ఇరవై ఎనిమిదో వంతే మిగులుతుంది. వారం దాటితే కొలవడానికి దాదాపు ఏమీ ఉండదు. రెండున్నరేళ్లకోసారి సగమయ్యే సోడియం-22 మాత్రం, సుక్మా మారుమూల ఊరి నుంచి రాయి బయలుదేరి ఫైళ్ల వెంట తిరిగి ప్రయోగశాల చేరేదాకా ఆగుతుంది.